పలాస నుంచి కుళుదుఫ్ఫుషి దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా కాసేపటికి ఆ ఇంటి కుర్రాడు ఏ దేశంలో ఉన్నాడన్న మాట వస్తుంది. తాతల కాలంలో రంగూన్. ఇప్పుడు దుబాయ్, మస్కట్, సింగపూర్. కవిటి, సోంపేట, కంచిలి వైపు కుర్రాళ్ళు వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుని విమానం ఎక్కుతారు. తీరంలో వేట మీద బతికేవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి మరబోట్లెక్కుతారు. నేను మాల్దీవులకు వెళ్ళాను, ఇంగ్లీషు చెప్పడానికి. వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఊళ్ళో ఈ మాట చెప్తే చాలామంది నమ్మలేదు. "ఇంగ్లీసు సెప్పడానికి మనోల్ని పిలుస్తారేటి? తెల్లోల్లు లేరేటి ఆలకి?" అని మా మావయ్య అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకూ తెలియదు. జవాబు అక్కడికి వెళ్ళాకే దొరికింది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టేది. పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది, అందుకని చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ళ నలుపు పోదు. గుండు పప్పు విరక్కుండా వస్తే ఒక ధర, బద్దయితే ఇంకొకటి, ముక్కయితే మరొకటి. రోజంతా ఆ లెక్కలో ఉండి వచ్చి రాత్రి నా చేత పాఠం గట్టిగా చదివించుకునేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఎక్కడ తడబడ్డానో మాత్రం కనిపెట్టేసి "మల్లీ సదువు" అనేది.

టెక్కలిలో డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషు క్లాసులో ఒక వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నాకు తెలిసేది కాదు. ఇంటికొచ్చి మా కొబ్బరి తోటలో, ఎవరూ లేని చోట, పాత పేపర్లు పైకి చదివేవాణ్ణి. చీటీల మీద ఒక్కో మాట రాసి, ఎవరు, ఏం చేశారు, దేన్ని అనే వరసలో పేర్చేవాణ్ణి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో నడుమకు వస్తుంది. చెవికి ఎక్కని ఆ తేడా చేతికి అలవాటైంది. తరవాత ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశాను. బి.ఇడి. అయ్యాక కొన్నేళ్ళు పలాసలోనూ టెక్కలిలోనూ ప్రైవేటు స్కూళ్ళలో చెప్పాను.

ఆ రోజుల్లోనే నాన్నకు జబ్బు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొంభైల నుంచీ జనం ఎరిగినదే. నీళ్ళన్నారు, ఎరువులన్నారు, ఎండలో పని అన్నారు. ఎన్నో పరిశోధనలు జరిగాయి, ఇదీ అసలు కారణం అని మాత్రం తేలలేదు. డయాలసిస్ కోసం నాన్నను విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళేవాళ్ళం. తెల్లవారుజామున పలాసలో బండెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. ఆయన పోయాక అప్పులు మిగిలాయి. మాల్దీవుల్లో టీచర్లు కావాలన్న ప్రకటన అప్పుడే చూశాను. కేరళ, తమిళనాడుల నుంచి ఎప్పటినుంచో వెళ్తున్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇంటర్వ్యూ అయింది. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు నెలల తరబడి తిరిగాను. 2014 జనవరిలో, అక్కడ బడి తెరిచే వేళకు బయల్దేరాను.

పలాస నుంచి విశాఖ, చెన్నై, తిరువనంతపురం. అక్కణ్ణుంచి మాలే పెద్ద దూరం కాదు. విమానాశ్రయమే ఒక దీవి. మాలేకి అప్పటికి వంతెన లేదు, మెట్లు దిగితే పడవే. వైద్య పరీక్షలు, వీసా కాగితాలు అయ్యాక ఉత్తరాన హనిమాధూకి చిన్న విమానం, మళ్ళీ పడవ. అలా హా ధాలు పగడదీవుల్లో జనాభా ఎక్కువున్న కుళుదుఫ్ఫుషి చేరాను. రేవులో దిగి తలెత్తగానే కొబ్బరి చెట్లు. ఇసుక నేల, వేపుకు వేసిన చేపల వాసన, నూతి పక్కన బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు. ఊరు వదిలాక మొదటిసారి నా ఊపిరి కుదుటపడింది.

గది చేరి ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగింది జీతం గురించి కాదు, తిండి గురించీ కాదు. "నీల్లెలాగున్నాయి నాయినా? ఉప్పగున్నాయేటి?" అంది. ఉద్దానం తల్లి అడిగే ప్రశ్న అది. ఆ దీవుల్లో అప్పట్లో తాగేది వాన నీళ్ళు. పగడపు ఇసుక కింద మంచినీటి పొర చాలా పలచన. 2004 డిసెంబరు 26 సునామీలో చాలా దీవుల నూతుల్లోకి సముద్రం వచ్చేసింది. అందుకని రేకు కప్పు మీద పడ్డ వానను గొట్టంతో పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి పట్టుకుంటారు. ఇంటింటా ఒక ట్యాంకు, మసీదు దగ్గర, బడి దగ్గర పెద్దవి. నూతి నీళ్ళు స్నానానికి, గిన్నెలకు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ. కొన్ని దీవుల్లో ట్యాంకులు అడుగంటితే ప్రభుత్వం ఓడల్లో నీళ్ళు పంపుతుంది. ఇదంతా చెప్తే అమ్మ చాలాసేపు విని, "వాన నీల్లయితే మంచియే" అని ఒప్పుకుంది.

నీటి విలువ ఆ దేశం మొత్తం ఎరిగిన రోజు కూడా నేను చూశాను. 2014 డిసెంబరు 4న మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో మంటలు లేచాయి. ఏడాది చివరి సెలవులకు ఇంటికి వస్తూ ఆ రోజు నేను మాలేలోనే ఉన్నాను. లక్షమందికి పైగా జనం, కొళాయిల్లో చుక్క లేదు. సీసాల కోసం వీధుల వెంట వరసలు. మరునాటి నుంచే మన వైమానిక దళం విమానాలు నీళ్ళు మోసుకొచ్చాయి, నౌకాదళం ఓడ సుకన్య వచ్చింది. వరసలో నా ముందున్న పెద్దాయన నాది ఇండియా అని తెలిసి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ నీళ్ళలో నా చెయ్యేమీ లేదు. అయినా బిందెలతో ట్యాంకర్ కోసం కాచుకుని పెరిగినవాణ్ణి, ఆ చేతి ఒత్తిడి నాకు ఎక్కడో తగిలింది.

బడి ఆదివారం నుంచి గురువారం దాకా. పొద్దున్న ఏడింటికల్లా అసెంబ్లీ. వాళ్ళ భాష దివేహి, ఇస్లాం పాఠాలు తప్ప మిగిలినవన్నీ ఇంగ్లీషులోనే. పదో తరగతి చివర కేంబ్రిడ్జి పరీక్షలు. జవాబు పత్రాలు దేశం దాటి వెళ్తాయి. లెక్కల టీచరు తమిళనాడు, సైన్సుకు కేరళ ఆవిడ, ఇంగ్లీషుకు నేనూ మరి ఇద్దరూ. దివేహిలోనూ మనలాగే క్రియ వాక్యం చివరనే ఉంటుందని రెండో వారంలో తెలిసింది. ఆ రాత్రి కూర్చుని టెక్కలి రోజుల్లోలాగే చీటీలు రాశాను. మర్నాడు ఎనిమిదో తరగతిలో బల్లలు పక్కకి జరిపి, పిల్లల చేతికి ఒక్కో చీటీ ఇచ్చి, వాక్యమై నిలబడమన్నాను. 'చేప'ను పట్టుకున్న పిల్ల 'పట్టాడు' దాటి అవతలికి పరిగెత్తింది. నవ్వులు. నెల తిరిగేసరికి రాతలో వరస కుదిరింది.

మావయ్య ప్రశ్నకు జవాబు నాకు ఆ గదిలోనే కనపడింది. ఇంగ్లీషు పుట్టి పెరిగిన ఊరివాడైతే ఆ పిల్లలకు ఇంకా చక్కటి ఉచ్చారణ వినిపించేవాడు, అందులో అనుమానం లేదు. కానీ 'ఎ', 'ది' అనే ఆర్టికల్స్ ఎందుకు జారిపోతాయో, ముందు మాతృభాషలో వాక్యం కట్టుకుని తరవాత మార్చుకునేవాడికి ఎక్కడ ఆలస్యమవుతుందో, తెలిసిన జవాబు కూడా నోరు తెరిచి చెప్పడానికి గొంతు ఎందుకు పట్టుకుంటుందో నాకు నా ఒంటి మీద తెలుసు. పదహారేళ్ళు వచ్చాక ఇంగ్లీషు పట్టుకున్నవాణ్ణని మొదటి నెలలోనే పిల్లలకు చెప్పేశాను. "మీ అమ్మకు ఇంగ్లీషు వచ్చా సార్?" అని అడిగారు. రాదన్నాను. ఆ రోజు నుంచి వెనక బల్లల్లోంచి కూడా చేతులు లేవడం మొదలైంది.

పాఠాల్లో వచ్చే కొండలు, రైళ్ళు మాత్రం పెద్ద చిక్కు. ఆ దేశంలో నేల సగటున సముద్రానికి ఒకటిన్నర మీటర్ల ఎత్తే. కొండ అంటే సినిమాలో చూసినదే. మహేంద్రగిరి గురించి చెప్పాను. 1,500 మీటర్ల ఎత్తు, మందస దగ్గర నిలబడితే మబ్బు దాని నడుముకు చుట్టుకుంటుంది, అక్కడి నుంచి దిగి వచ్చే మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది కూడా వాళ్ళకు కొత్తే. పలాస స్టేషన్ బొమ్మ గీసి, హౌరా నుంచి చెన్నై దాకా పట్టాలు ఎలా వెళ్తాయో చూపిస్తే ఒక కుర్రాడు లేచి, "నేల అయిపోతే రైలేం చేస్తుంది సార్?" అన్నాడు. సైకిల్ మీద పావుగంటలో ఊరి చివర సముద్రం చూసేవాడికి అది రావలసిన ప్రశ్నే. పరీక్షకు కావలసిన వ్యాసం పక్కన పెట్టి, నేల అయిపోని దేశం ఎలా ఉంటుందో ఊహించి రాయమన్నాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

నేర్పేవాడు నేర్చుకుంటూ కనిపించాలని నాకు బలంగా అనిపించింది. బడి వాచ్‌మన్ దగ్గర దివేహి మొదలుపెట్టాను. వాళ్ళ లిపి పేరు తానా, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి పుట్టినవి. సాయంత్రం జెట్టీ దగ్గర తాడుతో అల్లిన జోలి కుర్చీల్లో కూర్చుని దుకాణాల బోర్డులు చదివేవాణ్ణి, చుట్టూ చేరిన నా విద్యార్థులే నన్ను దిద్దేవారు. అప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చేవారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, టెక్కలికి అంత దూరం కాని పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన చేసిన పని ముందు నాది ఎంత? కానీ టీచరన్నవాడు ఎటు నడవాలో మా జిల్లాలోనే ఒకాయన చూపించి వెళ్ళారన్న ధైర్యం నాకుండేది.

తిండి తొందరగానే అలవాటైంది. పొద్దున్న మస్ హుని. చూర చేప, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపి రోషీ అనే రొట్టెతో తినడం. మధ్యాహ్నం గరుదియ అనే చేపల పులుసు నీళ్ళలో అన్నం, నిమ్మ పిండుకుని. చింతపండు, ఆవకాయ ఇంటి నుంచే. రంజాన్ నెలలో పగలు బయట ఏమీ తినేవాణ్ణి కాదు, సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు ఏదో ఒక ఇంటి నుంచి పిలుపు వచ్చేది. పూజా విగ్రహాలు ఆ దేశంలోకి తేకూడదు. అమ్మ సంచిలో పెట్టిన పటం ఇంట్లోనే ఉంచి వెళ్ళాను. మొక్కుకోవాలనిపిస్తే సముద్రం వైపు తిరిగి కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇంటి మీద బెంగ మాత్రం శుక్రవారాల్లో పట్టుకునేది, ఆ రోజు బడి ఉండదు.

కుళుదుఫ్ఫుషి ఆడవాళ్ళు నారతాళ్ళకు పేరుపడ్డారు. కొబ్బరి డొక్కల్ని మడ చెరువు బురదలో వారాల తరబడి నానబెట్టి, కర్రలతో బాది, నార తీసి తాడు పేనేవారు. మా కవిటి, కంచిలి వైపు కూడా కొబ్బరి పీచు పని ఉంది కదా, అందుకని వాళ్ళ పక్కన కూర్చునేవాణ్ణి. మా పక్కింటి ముసలమ్మ నా చేతులు చూసి, నార పేనడం నీ వల్ల కాదు, పిల్లలకు చదువు చెప్పుకో అంది. 2017లో విమానాశ్రయం కోసం ఆ మడ అడవిలో పెద్ద భాగం పూడ్చడం మొదలుపెట్టారు. వాళ్ళ నానబెట్టే గుంటలు ఇసుక కిందికి పోయాయి. పరిహారం మాట ఊరంతా నలిగింది. 2019లో విమానాలు దిగాయి. జబ్బు మనిషిని మాలేకి తీసుకెళ్ళడం తేలికైన మాట నిజం, ఆ ముసలమ్మకు పని పోయిన మాటా నిజం. నాకు సోంపేట బీల గుర్తొచ్చింది. ఆ చిత్తడి నేలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం నిలబడితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల మిగిలింది. పదో తరగతి పిల్లలకు ఈ రెండు ఊళ్ళ సంగతీ చెప్పి, రెండు పక్షాలుగా వాదించమన్నాను. అంత వేడిగా ఇంగ్లీషు మాట్లాడిన తరగతి నాకు మళ్ళీ దొరకలేదు. వాళ్ళ అమ్మల పని అది, వాదన తడుముకోవలసిన అవసరం వాళ్ళకు లేదు.

2018 అక్టోబరు 10 రాత్రి అమ్మ ఫోన్‌లో గాలి శబ్దం వినిపించింది. "హోరుమంతంది నాయినా సముద్రం" అంది. ఆ తరవాత లైను కలవలేదు. 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ రోజు గురువారం, నాకు బడి ఉన్న రోజు. తొమ్మిదో తరగతికి వెళ్ళి, బల్ల మీద పుస్తకం పెట్టి, నోరు పెగలక బోర్డు మీద బంగాళాఖాతం గీశాను. మా ఊరి చోట చుక్క పెట్టాను. అడగకుండానే వాళ్ళకు అర్థమైంది. వేటకు వెళ్ళిన తండ్రి కోసం జెట్టీ మీద నిలబడడం వాళ్ళకు కొత్త కాదు. ఒక అమ్మాయి లేచి, "మీ ఇంట్లో ఎంతమంది సార్?" అంది. చెప్పాను. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు.

శుక్రవారం అంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు పడిపోయాయని టీవీలో చెబుతున్నారు. పక్కింటి ముసలమ్మ మూత పెట్టిన గిన్నెలో అన్నం, గరుదియ పంపింది. రాత్రి ఆమె కొడుకు వచ్చి నా గది గుమ్మంలో కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. శనివారం రాత్రి మా బావమరిది ఫోన్. కాశీబుగ్గ దాకా పడిన చెట్ల మీద నుంచి నడిచొచ్చి, ఎవరి దగ్గరో జనరేటర్‌తో ఛార్జి పెట్టుకున్నాడట. "సెట్లన్నీ పోనాయి బావా. మనుసులం ఉన్నాం" అన్నాడు.

ఆదివారం క్లాసులో ఆ సంగతి చెప్పాను. మనుషులు బతికారనగానే తేలికపడతారనుకున్నాను. వాళ్ళు చెట్ల గురించి అడిగారు. ఎన్ని చెట్లు? ఎంత ఎత్తువి? ఎవరు నాటారు? మళ్ళీ నాటితే ఎన్నేళ్ళకు కాస్తాయి? కొబ్బరి వాళ్ళ జాతీయ వృక్షం, ఒక చెట్టు పడితే ఏం పడిందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా నాన్న నాటిన తోట అని, నాటు రకం మళ్ళీ కాయాలంటే ఆరేడేళ్ళు పడుతుందని చెప్పాను. అప్పటికి వాళ్ళు బడి ముగించి పోతారు. ఆ వారం వాళ్ళు మా అమ్మకు ఉత్తరాలు రాశారు, ఇంగ్లీషులో. ఎవరూ మార్కులడగలేదు. సెలవులకు వచ్చినప్పుడు వాటిని తెలుగు చేసి అమ్మకు చదివి వినిపించాను. ఒక కుర్రాడు తమ ఇంటి వెనక మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి ఉందని, ఓడలో పంపవచ్చా అని అడిగాడు. "ఆ గుంటడి పేరేటి?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. మే నెలలో మన నౌకాదళం ఓడ జలాశ్వ మాలే వచ్చింది. 698 మందిమి ఎక్కి మే 10న కొచ్చిలో దిగాం. క్వారంటైన్, ఆ తరవాత రైలు. మళ్ళీ వెళ్ళలేదు, అమ్మ ఒంట్లో బాగుండడం లేదు. ఇప్పుడు టెక్కలిలో చెబుతున్నాను, చీటీలు ఇక్కడా పనిచేస్తున్నాయి. మన పల్లెల్లో ఇంగ్లీషు మీడియం మంచిదా చెడ్డదా అని చాలా వాదనలు వింటాను. నా అనుభవంలో పిల్లాడికి తన ఊరి చెట్టు, తన ఊరి నీళ్ళు, తన అమ్మ పని చెప్పుకోనిస్తే ఏ భాషైనా వస్తుంది. వాటిని తుడిచేసి మొదలుపెడితే ఏ మీడియంలో కూర్చోబెట్టినా నోరు తెరవడు.

మొన్న మందస వైపు నుంచి ఒక అమ్మాయి, బి.ఇడి. చదివింది, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. మాల్దీవుల్లో ఒక బడి నుంచి ఆమెకు కబురొచ్చింది. వాళ్ళ నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కాబట్టి విశాఖ తిరగనక్కరలేదు, అది కొంత నయం. "ఆడపిల్లని పంపొచ్చా బాబూ?" అని ఆ తల్లి అడిగింది. పంపమన్నాను. మా బడిలో ఒంటరిగా వచ్చి పనిచేసిన కేరళ, తమిళనాడు ఆడవాళ్ళ సంగతులు చెప్పాను. కాంట్రాక్టులో తిరుగు టికెట్, ఇంటి అద్దె ఎవరు పెట్టుకుంటారో రాతలో ఉండేలా చూసుకోమన్నాను. సర్టిఫికెట్ల నకళ్ళు రెండు జతలు, చింతపండు, మెత్తటి చెప్పులు. ఎండాకాలంలో నీళ్ళు పొదుపు. డబ్బు పంపే దారి ముందే కనుక్కోమన్నాను. నా తానా నోటుపుస్తకం కూడా ఇచ్చాను, విమానం ఎక్కేలోపు అక్షరాలైనా పట్టుకోమని.

నాలుగు రోజుల్లో ఫోన్ చేసింది. "సార్, అచ్చు గుర్తులు కొన్ని అక్షరం పైనా కొన్ని కిందా ఉన్నాయి, చేతిరాత వల్ల అలా వచ్చాయా?" అంది. కాదమ్మా, 'అ' పైన, 'ఇ' కింద, చోటు మారితే గుర్తే మారిపోతుంది అన్నాను. ఉండండి సార్ రాసుకుంటాను అని పెన్ను కోసం వెళ్ళింది.